‘వస్తాను’ అంటే ఎప్పుడు? ‘అరైవల్’ ఆరుసార్లు చూశాక

2016లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘అరైవల్’ని ఇప్పటికి ఆరుసార్లు చూశాను. వేరే లోకం నుంచి జీవులు దిగితే, వాళ్ళతో మాట్లాడడానికి సైన్యం ఒక భాషాశాస్త్రవేత్తని (ఎమీ ఆడమ్స్) పిలిపించుకునే కథ. పన్నెండు ఓడలు, ఏడు కాళ్ళ జీవులు, సిరాతో గీసిన సున్నాల్లాంటి రాత అందరికీ తెలిసినవే. నేను మళ్ళీ మళ్ళీ పెట్టుకునేది తెల్లబోర్డు సీన్ కోసం. కర్నల్‌కి తొందర. చిన్నపిల్లల మాటలతో మొదలుపెట్టడం దేనికంటాడు. ఎమీ ఆడమ్స్ ‘భూమ్మీద మీ ఉద్దేశం ఏమిటి’ అని బోర్డు మీద రాసి, మాటమాటకీ ఆగుతుంది. అసలు ప్రశ్న అంటే ఏమిటో వాళ్ళకి తెలుసా? ‘మీ’ అంటే ఒక్కరా, వచ్చినవాళ్ళందరూనా? తెలిసి చేస్తున్నారా, పుట్టుకతో వచ్చిన గుణమా? భాష నేర్పడంలో ఉన్న కష్టాన్ని ఇంత సరిగ్గా చూపించిన సినిమా నేను ఇంకోటి చూడలేదు.

నేను హైదరాబాద్‌లో హిందీవాళ్ళకి తెలుగు నేర్పుతాను. ఒకరోజు బోర్డు మీద ‘రోజూ వస్తాను’, ‘రేపు వస్తాను’ అని రాశాను. ఒకతను చెయ్యెత్తి, ‘మాకు ఆతా హూఁ వేరు, ఆవూంగా వేరు. మీకు రెండూ ఒకటేనా?’ అన్నాడు. అవునని చెప్పి ‘రోజూ’, ‘రేపు’ రెండూ చెరిపేశాను. బోర్డు మీద ఉత్త ‘వస్తాను’ మిగిలింది. ‘ఎప్పుడు?’ అన్నాడు. పక్కనున్న అమ్మాయి, ‘మన కల్ మాత్రం? నిన్నా అదే, రేపూ అదే కదా’ అంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం సినిమాలో ఎమీ ఆడమ్స్ కూతురు, ఆ పాప గుర్తొచ్చింది.

మొదట్లో ఆ పాప పుట్టడం, ఆడుకోవడం, ఆస్పత్రి మంచం చూసి, ఇదంతా అయిపోయిన కథ అనుకున్నాను. జరగబోయేదని చివర్లో తెలిసినా, మంచి ట్విస్టు అనుకుని వదిలేశాను. ఆ రాత్రి మళ్ళీ పెట్టి చూస్తే, తెర మీద తేదీ లేదు, ఏడాది లేదు. తల్లి జ్ఞాపకం గురించి మాట్లాడుతుంది, అంతే. జ్ఞాపకం అనగానే నిన్నటిదే అయ్యుండాలని నిర్ణయించేసుకున్నది నేను. ‘వస్తాను’ పక్కన ‘రోజూ’ చేర్చుకున్నట్టు. టెడ్ చియాంగ్ మూలకథలోనూ తల్లి జరగబోయేవాటినే గుర్తుచేసుకుంటూ కూతురితో మాట్లాడుతుంది.

భాష నేర్చుకుంటే చూపే మారిపోతుందని అప్పట్లో కనిపించినవాళ్ళందరికీ చెప్పేదాన్ని. ఇప్పుడంత గట్టిగా చెప్పలేను. భాష మన ఆలోచనని కొంత మలుస్తుందంటే ఒప్పుకుంటాను గానీ, సినిమాలోలా ఆ జీవుల రాత వస్తే రాబోయేది కనిపించడం కథ కోసం వేసిన పెద్ద గెంతు. పైగా అసలు నేర్చుకున్న నెలల్ని ఆమెతో పనిచేసే శాస్త్రవేత్తగా వేసిన జెరెమీ రెన్నర్ గొంతుతో నాలుగు మాటల్లో దాటించేశారు. నాకు కావలసింది ఆ నెలలే. దాడి ఆపించడానికి ఆమె చైనా జనరల్‌కి చేసే ఫోన్ కూడా చూసినకొద్దీ మరీ సులువుగా తేలిపోయినట్టు ఉంటోంది.

నేను చేసే పని ఇది కాబట్టి నాకింత పట్టేసింది. యుద్ధం ఉంటుందనుకుని కూర్చున్న మా తమ్ముడు సగంలో లేచిపోయాడు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే మాత్రం ఇప్పుడే చూడకండి. అమ్మ ఐసీయూలో ఉన్న రోజుల్లో అయిదోసారి మొదలుపెట్టి, ఆ ఆస్పత్రి కారిడార్ రాగానే ఆపేశాను. మిగతాది ఆరు నెలల తర్వాత చూశాను.