గోడ బొమ్మకు స్ప్రే డబ్బా: బెజవాడ ఎండకు ఏది ఆగుతుంది?

వన్‌టౌన్‌లో ఏ పెయింట్ షాపులోనైనా స్ప్రే డబ్బా అడిగితే ముందుగా చేతికొచ్చేది ఇనుప గేట్లకి, బండి గీతలకి కొట్టే ఎనామెల్ డబ్బా. గోడ బొమ్మకు కావాల్సింది అది కాదు. బొమ్మల కోసమే చేసిన 400 మిల్లీలీటర్ల డబ్బాలు వేరు. వాటిని ఇక్కడ మామూలుగా ఆన్‌లైన్‌లోనే తెప్పించుకోవాలి, ధర కూడా రెట్టింపు పైనే. అంత పెట్టొచ్చా అంటే, పెట్టొచ్చు. గోడంతటికీ మాత్రం వద్దు.

1949లో అమెరికాలో ఎడ్ సీమోర్ స్ప్రే డబ్బా చేసింది తన అల్యూమినియం రంగు కొట్టి చూపించడానికి. దానితో గీత గీయొచ్చని అప్పటికి ఎవరూ అనుకోలేదు. తర్వాత న్యూయార్క్ రైలు పెట్టెల మీద పేర్లు రాసిన కుర్రాళ్లు వేరే డబ్బాల క్యాప్‌లు, అంటే రంగు చిమ్మే ముక్కులు, పీకి తగిలించుకుని సన్నగీత, లావుగీత రాబట్టారు. 1994లో బార్సిలోనాలో మొదలైన మోంటానా కలర్స్ లాంటి కంపెనీలు ఆ పనితనాన్నే డబ్బాలోకి తెచ్చాయి: మార్చుకునే క్యాప్‌లు, తక్కువ ప్రెషర్, మెరుపు లేని రంగు.

తేడా చేతికి వెంటనే తెలుస్తుంది. సన్న క్యాప్ పెట్టి గోడకు 5 సెంటీమీటర్ల దూరంలో చెయ్యి ఆపకుండా లాగితే వేలి మందాన గీత పడుతుంది. లావు క్యాప్‌తో 25 సెంటీమీటర్లు వెనక్కి జరిగితే అంచు పొగలా కరిగిపోతుంది. ఆ కరిగే అంచు బ్రష్షుతో రాదు. వీధి బొమ్మ నుంచి ఇప్పటి చిత్రకళకు వెళ్లిన అసలు ఆస్తి అదే. న్యూయార్క్ చిత్రకారుడు బాస్కియా 1982లో వేసిన తల బొమ్మలో అక్రిలిక్, ఆయిల్‌స్టిక్ (నూనె రంగు కడ్డీ)లతో పాటు స్ప్రే రంగూ ఉంది. 2017లో అది వేలంలో 11 కోట్ల 5 లక్షల డాలర్లు పలికింది.

రంగు కారిందంటే డబ్బా తప్పు కాకపోవచ్చు. చెయ్యి నెమ్మదిగా కదిలినా, మరీ దగ్గరగా పట్టుకున్నా కారుతుంది. ముందు రెండు నిమిషాలు బాగా ఊపాలి. లోపలి గోళీ చప్పుడు వినపడుతున్నా అడుగున రంగు ఇంకా పేరుకునే ఉండొచ్చు.

ఇక అసలు గొడవ గోడతో. కొత్త సిమెంటు గోడలో క్షారం ఉంటుంది. చెమ్మ తగిలినప్పుడు అది ఎనామెల్‌లోని నూనెను సబ్బుగా మార్చేస్తుంది. రంగు జిగటగా అయి పెచ్చులుగా లేస్తుంది. అందుకే ప్లాస్టరింగ్ అయ్యాక కనీసం 28 రోజులు ఆగాలి. పాత సున్నం గోడైతే చేత్తో రుద్ది చూడండి. పొడి అంటుకుంటే పూర్తిగా గీకాల్సిందే, ఆ పొడి మీద ఏ ఖరీదైన రంగూ నిలవదు. తెల్లటి ఉప్పు పూత కనిపిస్తే నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో ముందు వెతకండి. పైన రంగేస్తే ఉప్పు దాన్ని తోసుకుని బయటికొస్తుంది.

10 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉన్న గోడకు లెక్క ఇలా వేసుకోండి. ఎక్స్‌టీరియర్ ప్రైమర్ ఒక లీటరు, ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ మొత్తం రెండు లీటర్లు, స్ప్రే డబ్బాలు ఆరు నుంచి ఎనిమిది. పాత సినిమా బ్యానర్ల పద్ధతిలో గళ్లు గీసి బొమ్మ పెంచండి. పెద్ద భాగాలు రోలర్‌తో ఎమల్షన్ నింపి, ఆరాక నీడలు, అంచులు, సన్నగీతలు మాత్రం స్ప్రేతో కొట్టండి. గోడంతా స్ప్రే చేస్తే ఆ ఏడెనిమిది డబ్బాలూ ఒక్క కోటుకే ఖాళీ, ఖర్చు మోయలేరు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పనికి బాగుంటుంది. ఎండాకాలంలో అయితే ఉదయం 9 లోపే ముగించాలి. కాలే గోడ మీద రంగు పరుచుకోకముందే ఆరి గరుకుగా తేలుతుంది. డబ్బా మీద 50 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసి ఉంటుంది. మే నెలలో ఎండలో నిలిపిన కారులో వేడి అంతకు మించుతుంది కాబట్టి అక్కడ వదలొద్దు, పేలొచ్చు. గుడ్డ మాస్కు ఈ ఆవిర్లను ఆపదు, కార్బన్ కాట్రిడ్జ్ ఉన్న మాస్కు కొనండి.

రంగుల్లో తెలుపు, నలుపు, ఇటుక ఎరుపు, నీలం ఎక్కువ కాలం నిలుస్తాయి. మెరిసే ఫ్లోరసెంట్ రంగులు నెలల్లోనే వెలిసిపోతాయి, పడమటి గోడకైతే అసలు తీసుకోవద్దు. పని అయ్యాక డబ్బా తలకిందులు చేసి ఒత్తి, రంగు ఆగి గాలి మాత్రమే వచ్చేదాకా వదలండి. లేకపోతే క్యాప్‌లో రంగు గడ్డకట్టి, సగం నిండిన డబ్బా చెత్తకు పోతుంది.