క్లాసిక్ 500 ఇంజను విప్పితే ఏది మేలు: బోరు పెంచడమా, కంప్రెషన్ పెంచడమా?

రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 500 ఇంజను మరమ్మతుకు వస్తే చాలామందికి ఒకటే ఆశ: ఎలాగూ విప్పుతున్నాం, కాస్త బలం కూడా పెంచుకుందాం. దానికి రెండు దారులు: బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు పెంచడం; లేదా కంప్రెషన్, అంటే పిస్టన్ గాలి-పెట్రోలు మిశ్రమాన్ని నొక్కే మోతాదు పెంచడం. బీఎస్-6 కాలుష్య నిబంధనలతో 2020లో ఈ బండి తయారీ ఆగిపోయింది కాబట్టి, ఉన్న ఇంజనునే నమ్ముకోవాలి.

చెన్నైలో ఈ మాట ఎత్తగానే "ఇంజెక్షన్ తీసేసి కార్బొరేటర్ పెట్టించు అన్నా" అనేవాళ్లు ఉంటారు. నేను ఒప్పుకోను. ఇంజెక్షన్ అంటే సెన్సర్ల లెక్కతో పెట్రోలు చల్లే ఏర్పాటు, కార్బొరేటర్‌ది ఒకసారి బిగించిన కొలత. మనవాళ్లు తరచూ తిరిగే చెన్నై-బెంగళూరు దారినే తీసుకోండి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. గాలి పీడనం దాదాపు పదో వంతు తక్కువ. చెన్నైలో సరిచేసిన కార్బొరేటర్ అక్కడికి చేరేసరికి గాలికి మించి పెట్రోలు పోస్తుంది. ఇంజెక్షన్ ఆ తేడాను తానే సర్దుకుంటుంది. అంత మంచి ఏర్పాటును చేతులారా పారేసుకోవడం ఎందుకు?

ఇక అసలు పోటీ. క్లాసిక్ 500లో బోరు 84 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 90 మి.మీ., సామర్థ్యం 499 సీసీ, బలం 27.2 హార్స్‌పవర్. ఇదే కంపెనీ కాంటినెంటల్ జీటీ కోసం బోరును 87 మి.మీ.కి పెంచి 535 సీసీ చేసింది, 29.1 హార్స్‌పవర్ రాబట్టింది. కంప్రెషన్ మాత్రం పెంచలేదు, రెండింటిలోనూ 8.5:1. బోరు పెంచడమే మేలు అనే నా తీర్పుకు పెద్ద ఆధారం ఇదే.

కంప్రెషన్ పెంచితే పికప్ వెంటనే తెలుస్తుంది, కాదనను. కానీ గాలితో చల్లబడే ఇంజనుకు గాలి తప్ప దిక్కు లేదు. మే నెల మధ్యాహ్నం కత్తిపారా దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే ఆ గాలి కూడా ఉండదు. హెడ్ (సిలిండర్ పైమూత) కాగిపోయి, మామూలు పెట్రోలు ముందే అంటుకుని, ఇంజను లోపల టకటకా కొట్టుకుంటుంది. అలాగే నడిపితే పిస్టన్ తల కాలుతుంది. చెన్నైలో రోజూ నడిపే బండికి ఈ మార్గం వద్దనే చెబుతాను.

బోరు పెంచినా వేడి కొంత పెరుగుతుంది, అయితే భరించగలిగినంతే. చిక్కు వేరేచోట ఉంది. ఈసీయూలోని (ఇంజెక్షన్‌ను నడిపే కంప్యూటర్‌లోని) లెక్క 499 సీసీకి రాసినది. గాలి ఎక్కువ లాగే ఇంజనుకు పాత లెక్కతో పెట్రోలు చాలదు. పైగా ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు, అదే గాలికి ఇంకాస్త ఎక్కువ ఇంధనం కావాలి. అందుకే బెంగళూరులో తయారయ్యే పవర్‌ట్రానిక్ వంటి అదనపు ఎలక్ట్రానిక్ పెట్టె పెట్టి, డైనో (ఇంజను బలం కొలిచే యంత్రం) మీద గాలి-పెట్రోలు మిశ్రమం చూసి సరిచేయించాలి. ఈ ఖర్చు పెట్టలేకపోతే బోరు జోలికి వెళ్లవద్దు.

క్యామ్ (వాల్వులను తెరిచి మూసే భాగం) మార్చడం నాకు నచ్చదు. ఐడిలింగ్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజను నిలకడగా తిరగడం) చెడుతుంది, ఇంజెక్షన్ లెక్క మరింత తారుమారవుతుంది.

లేత్ పని దగ్గర మాత్రం పక్కనే నిలబడండి. బేరెల్ (సిలిండర్ గొట్టం) కింది అంచు క్రాంక్‌కేసులో (ఇంజను కింది పెట్టెలో) సరిగ్గా కూర్చుంటుందో లేదో కొలిపించండి. కొత్త పిస్టన్‌ను పిన్ను, రింగులతో సహా పాతదాని పక్కన తూకం వేయించండి. బరువు తేడా ఎక్కువైతే అదురు మణికట్టుకు తెలుస్తుంది. రింగును ఒంటరిగా బోరులో పెట్టి, పిస్టన్ తలతో తిన్నగా లోపలికి నెట్టి, కొసల మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకు) దూర్చి చూడాలి. 87 మి.మీ. బోరుకు ఇంచుమించు 0.35 మి.మీ. సందు ఉండాలి. ఇంతకంటే బిగువుగా ఉంటే వేడికి కొసలు ఒకదానికొకటి తగిలి బోరును గీరేస్తాయి.

మరో సంగతి. ఆర్‌సీలో 499 సీసీ అని ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. కాబట్టి బేరెల్ కొనకముందే ఆర్టీవో కార్యాలయంలో అడగండి. అనుమతి రాకపోతే 84 మి.మీ. బోరులోనే కొత్త పిస్టన్, రింగులు వేయించి, వాల్వులు శుభ్రంగా కూర్చోబెట్టించండి. అరిగిన ఇంజను పోగొట్టుకున్న బలంలో చాలా భాగం దానితోనే తిరిగి వస్తుంది.