ఏఐకి కరెంటు: సోలారా, అణువిద్యుత్తా?

ఏఐని ఒక ప్రశ్న అడిగితే ఎక్కడో ఒక డేటా సెంటర్లో (సర్వర్లనే కంప్యూటర్లు నిండిన భవనంలో) కరెంటు ఖర్చవుతుంది. 2024లో ప్రపంచం వాడిన విద్యుత్తులో దాదాపు 1.5 శాతం ఈ సెంటర్లదేనని అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క. ఆ కరెంటు ఎక్కడి నుంచి రావాలన్నదే పేచీ.

సోలార్‌కి పెద్ద బలం వేగం. స్థలం, గ్రిడ్ లైను దొరికితే ఏడాది రెండేళ్లలో ప్లాంటు సిద్ధం. ప్యానెళ్లు 2010తో పోలిస్తే బాగా చవక. చిక్కల్లా పొద్దు గుంకాకే. సర్వర్లకు రాత్రీ పగలూ ఒకటే. బ్యాటరీలు కొన్ని గంటలు నెట్టుకొస్తాయి గానీ, వారం రోజులు మబ్బు పడితే చేతులెత్తేస్తాయి.

అణువిద్యుత్తుకి ఆ బాధ లేదు. ఇంధనం మార్చే రోజులు, మరమ్మతులు తప్పిస్తే నడుస్తూనే ఉంటుంది. అందుకే మైక్రోసాఫ్ట్ 2024లో, అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణుకేంద్రంలో మూతపడిన రియాక్టర్‌ను మళ్లీ నడిపితే వచ్చే కరెంటును 20 ఏళ్లపాటు కొనేందుకు ఒప్పందం చేసుకుంది (1979లో ప్రమాదం జరిగింది దాని పక్కదానిలో లెండి). కొత్తది కట్టాలంటేనే టెన్షన్. అమెరికాలోని వోగల్ రియాక్టర్లు ఏడేళ్లు ఆలస్యమై, ఖర్చు 3,000 కోట్ల డాలర్లు దాటింది.

నన్నడిగితే, భద్రంగా నడుస్తున్న రియాక్టర్లను మూయొద్దు. కొత్త డబ్బు మాత్రం ముందు సోలార్‌కీ, బ్యాటరీలకే. ఏఐకి నేర్పించే (ట్రైనింగ్) పనుల్లో కొన్నిటిని ఎండ ఉన్న వేళకు జరుపుకోవచ్చు కూడా.