హైప్రోమెలోజ్ పరీక్షకి ఐదేళ్ళుగా వాడుతున్న హీటింగ్ బ్లాక్

విశాఖలో గాజువాక దాటాక ఉంటుంది మా ల్యాబ్. మాత్రల పూతకి వాడే హైప్రోమెలోజ్‌లో మీథాక్సీ, హైడ్రాక్సీప్రొపాక్సీ అనే రసాయన గుంపుల శాతాలు తేల్చడం నా పని. సెల్యులోజ్‌కి తగిలించిన ఆ రెండింటినీ హైడ్రయోడిక్ ఆసిడ్‌తో విడగొడితే మిథైల్ అయొడైడ్, ఐసోప్రొపైల్ అయొడైడ్ వస్తాయి. వాటిని జీసీలో, అంటే ఆవిరైన పదార్థాలని విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రంలో, కొలుస్తాం. మూలం 1885లో జైసెల్ చెప్పిన పద్ధతే. అప్పట్లో సిల్వర్ అయొడైడ్ తూకం వేసేవారు, ఇప్పుడు ఆ చోట జీసీ ఉంది.

గుంటల్లో వయళ్ళు (చిన్న గాజు సీసాలు) పెట్టి వేడిచేసే, కలియదిప్పే స్టిర్రర్ కూడా ఉన్న ఈ అల్యూమినియం బ్లాక్ రాకముందు ఆయిల్ బాత్‌తో (వేడి నూనె తొట్టితో) నెట్టుకొచ్చాం. 130 డిగ్రీల్లో గంటసేపు ఉంచాలి. స్టిర్రర్ లేకపోతే మొదటి అరగంట ఐదేసి నిమిషాలకోసారి చేత్తో బాగా కుదపాలి. పైన జైలీన్ అనే ద్రావకం, కింద ఆసిడ్, రెండూ కలవవు మరి. నూనె కారే వేడి వయల్‌ని, లోపల ఏముందో తెలిసీ కుదపడం ఎంత టెన్షనో చేసినవాళ్ళకే తెలుసు. పైగా నేను కుదిపితే ఒక రిజల్టు, రెండో షిఫ్టువాళ్ళు కుదిపితే ఇంకొకటి. బ్లాక్ వచ్చాక ఆ గొడవ పోయింది. ఈ ఒక్కదానికే దీన్ని మెచ్చుకుంటాను.

డిస్‌ప్లేని మాత్రం నమ్మకండి. మేం ఆర్నెల్లు నమ్మాం. హైడ్రాక్సీప్రొపాక్సీ తరచూ తక్కువ వస్తుంటే, ఒకరోజు జైలీన్ పోసిన వయల్‌లో థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) పెట్టి చూశాం. బయట 130, లోపల 124! ఏసీ గాలి తగిలే అంచు గుంటల్లో ఇంకా తక్కువ. ఫార్మకోపియా (మందుల ప్రమాణాల గ్రంథం) అడిగేది వయల్ లోపలి వేడి. అప్పట్నుంచీ 136 సెట్ చేస్తున్నాం. పన్నెండు గుంటల్లో అంచున ఉన్న నాలుగు ఖాళీగానే ఉంటాయి.

మూతల సంగతి వేరు. మిథైల్ అయొడైడ్ సుమారు 42 డిగ్రీలకే మరుగుతుంది, సందు దొరికితే ఆగదు. వేడికి ముందూ తర్వాతా వయల్ తూచి, 26 మిల్లీగ్రాములకి మించి తగ్గితే పారబోయాలి. మొదట్లో వారానికి రెండు మూడు పోయేవి. మా అటెండర్ బాబాయి "మళ్ళీ ఎగిరిపోనాదేటమ్మా?" అని నవ్వేవాడు. క్రింప్ చేశాక, అంటే లోహపు మూతని అంచు నొక్కి బిగించాక, మూత వేలితో తిప్పితే తిరక్కూడదు. క్రింపర్ స్క్రూ సరిచేసుకున్నాక ఆ బాధ తగ్గింది. అందులో బ్లాక్ తప్పేం లేదు.

ఇంకో దొంగ మా ఊరి గాలి. 105 డిగ్రీల్లో ఆరబెట్టిన పొడి, డెసికేటర్ (చెమ్మ లేకుండా ఉంచే పాత్ర) నుంచి త్రాసు దాకా వెళ్ళేలోపే చెమ్మ పీల్చేస్తుంది. తూచేది 65 మిల్లీగ్రాములే. అందులో మూడు శాతం నీరు చేరితే 29 ఉండాల్సిన మీథాక్సీ 28.1 చూపిస్తుంది. మేం పరీక్షించే 2910 రకం హైప్రోమెలోజ్‌కి మీథాక్సీ కింది హద్దు 28.0 శాతం. ఓఓఎస్ (హద్దు దాటిన రిజల్టు) అంచున నిలబడ్డట్టే కదా! ఇప్పుడు మూతున్న సీసాలోనే ఆరబెట్టి, అలాగే మూతపెట్టి త్రాసు దగ్గరికి తెస్తున్నాం.

ఆసిడ్ ఆవిరికి రెండేళ్ళలో బ్లాక్ పై పూత లేచింది. ఫ్యూమ్ హుడ్‌లో ఉన్నా అంతే. కరెంటు పోయి వస్తే టైమర్ సున్నా నుంచి మొదలవుతుంది. నలభయ్యో నిమిషంలో పోతే ఎనిమిది వయళ్ళూ వృథా. యూపీఎస్ మేమే పెట్టుకున్నాం.

మళ్ళీ ఇలాంటిదే కొంటాను, కాకపోతే వయల్‌లోకి ప్రోబ్ దించుకునే వీలున్నది. ఇండెంట్ (కొనమని ఆఫీసుకి అర్జీ) పెట్టి నాలుగు నెలలైంది.