వర్చువల్‌బాక్స్‌లో లినక్స్ తెర: ఏళ్ల వాడకం తర్వాత

విండోస్ మీద వర్చువల్‌బాక్స్ (ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను విండోలో నడిపే ప్రోగ్రాం), అందులో ఉబుంటు లినక్స్. చాలా ఏళ్లుగా నా ప్రూఫు పని ఈ పద్ధతిలోనే నడుస్తోంది. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చిన పాత పుస్తకాలు విండోస్ వైపు ఉంటాయి, యూనికోడ్‌లోకి మార్చిన ప్రతులు లినక్స్ వైపు ఉంటాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాలి. కాబట్టి లినక్స్ విండోను ఎంతకు లాగితే లోపలి తెర అంత రిజల్యూషన్‌కు మారాలి. ఈ సమీక్ష ఆ ఒక్క గుణం గురించే.

తెలుగు చదివేవారికి ఇది సోకు కాదు, అవసరం. ద, ధ అక్షరాలకు తేడా అడుగున ఉండే చిన్న గీత మాత్రమే. భకు కూడా అలాంటి గీతే ఉంటుంది. వర్చువల్‌బాక్స్‌లో స్కేల్డ్ మోడ్ అని ఒకటి ఉంది. కుడి కంట్రోల్ మీటతో సి నొక్కితే వస్తుంది. రిజల్యూషన్ కుదరనప్పుడు చాలామంది దీన్నే వాడుకోమంటారు. అది లోపలి చిన్న తెరను బొమ్మలా సాగదీస్తుంది. ఇంగ్లిషు అక్షరాలు దాన్ని కొంత తట్టుకుంటాయి. మన అక్షరాల్లో మాత్రం ఆ గీత పక్క పిక్సెళ్లలో కలిసిపోతుంది, వత్తు కింద వత్తు ఉన్న ‘రాష్ట్రం’ లాంటి మాటలు ముద్దగా కనిపిస్తాయి. తెలుగు పని చేసే ఎవరికీ నేను స్కేల్డ్ మోడ్ సిఫార్సు చేయను.

సరైన పరిష్కారం కావాలంటే లోపల రెండు వేర్వేరు పనులు జరుగుతున్నాయని గుర్తించాలి. తెరను గీసేది డ్రైవర్. విండో పరిమాణం మారిందన్న కబురు లినక్స్‌కు చేర్చేది గెస్ట్ అడిషన్స్ (లోపలి లినక్స్‌లో వేసుకునే వర్చువల్‌బాక్స్ అనుబంధం)లోని విబాక్స్‌క్లయింట్ అనే చిన్న ప్రోగ్రాం. సమస్య ఎక్కడుందో తెలుసుకోవడానికి ఉబుంటు డిస్‌ప్లే సెట్టింగుల్లోని జాబితా చూస్తే చాలు. అక్కడ 800x600 వంటి చిన్న పరిమాణాలు తప్ప మరేమీ లేకపోతే లోపం డ్రైవర్ వైపు ఉన్నట్టు. పెద్ద పరిమాణాలు ఉండి, చేత్తో ఎంచుకుంటే పనిచేస్తూ, విండో లాగినప్పుడు మాత్రం తెర కదలకపోతే కబురు అందడం లేదన్నమాట. వర్చువల్‌బాక్స్ వ్యూ మెనూలో ఆటో-రీసైజ్ గెస్ట్ డిస్‌ప్లే అన్న వరుస మసకగా ఉండి నొక్కుడు పడకపోవడం కూడా దీనికే సూచన. ఈ తేడా చూసుకోకుండా దొరికిన కమాండ్లన్నీ వరుసగా కొట్టడం వల్లే జనం రోజులు పోగొట్టుకుంటున్నారు.

డ్రైవర్ వైపు లోపమైతే మొదట చూడాల్సింది వర్చువల్ మెషీన్ సెట్టింగుల్లోని గ్రాఫిక్స్ కంట్రోలర్. ఈ కాలపు లినక్స్‌కు వీఎంఎస్‌వీజీఏ ఉండాలి. పాత మెషీన్‌ను కొత్త వర్చువల్‌బాక్స్‌లోకి తెచ్చుకున్నవారికి అక్కడ ఇంకా వీబాక్స్‌వీజీఏ కనిపిస్తుంది. మెషీన్‌ను పూర్తిగా ఆపి మార్చాలి. అక్కడే వీడియో మెమరీ 16 ఎంబీ అని ఉంటే 128కి పెంచండి. 1920x1080 తెరకు పిక్సెల్‌కు నాలుగు బైట్ల లెక్కన సుమారు 8 ఎంబీ చాలు. అదే 3840x2160 తెరకు 33 ఎంబీ దాకా కావాలి, 16లో అది ఎలా పడుతుంది?

కబురు వైపు లోపమైతే గెస్ట్ అడిషన్స్ వేసుకోవాలి. దీనికి రెండు దారులున్నాయి. వర్చువల్‌బాక్స్ ఇచ్చే సీడీ ఇమేజ్ నుంచి వేస్తే మాడ్యూళ్లు, అంటే లినక్స్ మూలభాగమైన కెర్నల్‌కు తగిలించే ముక్కలు, మన మెషీన్‌లోనే కంపైల్ అవుతాయి (సోర్స్ కోడ్ నుంచి తయారవుతాయి). దానికి జీసీసీ, మేక్ అనే పనిముట్లు, మన కెర్నల్‌కు సరిపోయే హెడర్ ఫైళ్లు ముందే ఉండాలి. కెర్నల్ మారి హెడర్లు రాకపోతే రీబూట్ తర్వాత మాడ్యూళ్లు లోడ్ కాక మళ్లీ చిన్న తెరే ఎదురవుతుంది. పాత కెర్నళ్ల రోజుల్లో ఈ బాధ బాగా ఎరిగినవాణ్ణి. 2018లో వచ్చిన 4.16 కెర్నల్ నుంచి విబాక్స్‌గెస్ట్ మాడ్యూల్ కెర్నల్‌లోనే భాగమైంది. అప్పటి నుంచి నేను రెండో దారి పట్టాను. ఉబుంటు భాండాగారంలోనే ఉన్న వర్చువల్‌బాక్స్-గెస్ట్-ఎక్స్11 ప్యాకేజీ వేసి రీబూట్ చేస్తాను. కంపైల్ చేసే పనే లేదు. హోస్ట్‌లోని, అంటే బయటి విండోస్‌లోని, వర్చువల్‌బాక్స్ కంటే ఈ ప్యాకేజీ వెర్షన్ కాస్త వెనకబడి ఉండవచ్చు, తెర పరిమాణం వరకు నాకు ఆ తేడా అడ్డు రాలేదు. రెండు దారులను కలపవద్దు. సీడీతో వేసినవారు దాన్ని తీసేశాకే ప్యాకేజీ వేయాలి.

ఇక తెర పరిమాణం మార్చే ఎక్స్‌రాండర్ కమాండ్. సీవీటీ అనే మరో కమాండ్‌తో కొలతలు రాబట్టి, కొత్త మోడ్ సృష్టించి, దాన్ని తెరకు తగిలించే పద్ధతి ఇది. పనిచేస్తుంది, కానీ తాత్కాలికం. లాగవుట్ అయితే పోతుంది. లాగిన్ అయినప్పుడు నడిచే ఎక్స్‌ప్రొఫైల్ ఫైల్‌లో రాసి పెట్టుకున్నా కంట్రోలర్ మార్చినప్పుడు తెర పేరు మారి, రాసింది చెల్లకుండా పోవచ్చు. ఒకచోట వీజీఏ-1, మరోచోట వర్చువల్-1. పైగా మన దేశంలో ఎంతోమంది విద్యార్థుల ల్యాప్‌టాప్‌లది 1366x768 తెర. 1366ను ఎనిమిది నిశ్శేషంగా భాగించదు కాబట్టి సీవీటీ దాన్ని 1368గా మార్చి ఇస్తుంది. ఫుల్‌స్క్రీన్ పెడితే ఆ రెండు పిక్సెళ్లకూ చోటు చాలదు. పాత ఎక్స్11 బదులు వచ్చిన తెర వ్యవస్థ వేలాండ్. ఆ సెషన్‌లో అయితే ఎక్స్‌రాండర్‌తో కొత్త మోడ్ చేర్చడమే కుదరదు. 21.04 నుంచి ఉబుంటు వేలాండ్‌నే ముందుంచుతోంది, కాబట్టి పాత సలహాలు పాటించేముందు మీది ఏ సెషనో చూసుకోండి.

మిగతా వర్చువల్ మెషీన్లు కూడా వాడి చూశాను. వీఎంవేర్‌లో ఓపెన్-వీఎం-టూల్స్-డెస్క్‌టాప్ ప్యాకేజీ ఉంటే వేరే ఆలోచన అక్కర్లేదు, ఈ ఒక్క విషయంలో దానికే నా మొదటి ఓటు. హోస్ట్ కూడా లినక్సే అయితే లినక్స్‌లోనే వర్చువల్ మెషీన్లు నడిపే కేవీఎం, వర్ట్-మేనేజర్ తీసుకోండి. గెస్ట్‌లో, అంటే లోపలి లినక్స్‌లో, స్పైస్-వీడీఏజెంట్ వేసి, వ్యూ మెనూలో విండోతో పాటు మారమని ఒక టిక్కు పెడితే సరి. విండోస్‌తో వచ్చే హైపర్-వీ నాకు నచ్చలేదు. మామూలు కనెక్షన్‌లో విండో లాగితే లినక్స్ తెర వెంట రాదు. పరిమాణాన్ని బూట్ సెట్టింగులుండే గ్రబ్ ఫైల్‌లో రాసి రీబూట్ చేయాలి. రోజుకు పదిసార్లు విండో సరిచేసుకునే నాలాంటివారికి అది పనికిరాదు.

అయినా నేను వర్చువల్‌బాక్స్‌లోనే ఉన్నాను. విండోస్ మీద నడుస్తుంది, స్నాప్‌షాట్లు తీసుకోవడం తేలిక, ఒకసారి కుదిరాక విండో ఎటు లాగినా తెర వెంటనే సర్దుకుంటుంది. పోతన, వేమన ఫాంట్లు కావాలంటే ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా ప్యాకేజీ వేసుకోండి. 4కే మానిటర్ ఉన్నవారు మాత్రం వర్చువల్‌బాక్స్ సెట్టింగుల్లోని స్కేల్ ఫ్యాక్టర్‌ను 100 శాతం దగ్గరే ఉంచి, అక్షరాల సైజును ఉబుంటు లోపలే పెంచుకోవాలి. బయట పెంచితే మళ్లీ అదే సాగదీత, ధ మళ్లీ ద లాగే కనిపిస్తుంది.