ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ సొంతంగా కంపైల్ చేసుకొని వాడినంక: లేనిది లేదని చెప్పదు, అదే బాధ

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అంటే వీడియో, ఆడియో మార్చే, కట్ చేసే, లైవ్ పంపే ప్రోగ్రాం, అంతకన్న ఎక్కువ చెప్పే పని లేదు. లోకల్ చానల్ నడిపేటోళ్లు, పెళ్లి వీడియోలు కట్ చేసేటోళ్లు, జాతర లైవ్ పెట్టేటోళ్లు తెలిసో తెలియకో దాన్నే వాడుతున్నరు. దాన్ని సోర్సు కోడు నుంచి కంపైల్ చేసుకొని, అంటే నడిచే ప్రోగ్రాంగ కట్టుకొని, ఉబుంటు, విండోస్, మ్యాక్ మూడింటి మీద ఏండ్ల తరబడి నడిపినంక మిగిలిన అభిప్రాయం ఇది. మెచ్చుకునేవి చాలనే ఉన్నయి. ఒక్క గుణం మీద మాత్రం కోపం తగ్గలేదు. ఏదన్న లైబ్రరీ (అది వాడుకునే వేరే కోడు) దొరక్కపోతే, మనం పేరు పెట్టి అడగనంత వరకు కాన్ఫిగర్, అంటే కట్టేముందు ఏమేం ఉన్నయో చూసే స్క్రిప్టు, ఆగి చెప్పదు. వంటోడు ఉప్పు లేదని చెప్పకుండ కూర వండి ముందర పెట్టినట్టు, దొరకనిదాన్ని వదిలేసి మిగిలింది సాఫీగ కట్టి ఇస్తది. ఆ తర్వాత కట్టే మేక్ కమాండు ఒక్క ఎర్రర్ లేకుండ అయిపోతది. లోపం తెలిసేది వీడియో బయటికి పోయినంకనే.

తెలుగు రాసేటోళ్లకు ఇది ఎక్కడ తగులుతదంటే, ఒత్తుల దగ్గర. వీడియో మీద పేర్లు, సబ్‌టైటిళ్లు ఎక్కించే పని లిబ్‌ఏఎస్ఎస్ లైబ్రరీది. అక్షరాలు పేర్చడానికి దాంట్ల రెండు పద్ధతులున్నయి. సింపుల్ అనేదాంట్ల ఫ్రీబిడి (రాత ఎటు నుంచి ఎటు పోవాలో చూసే లైబ్రరీ) ఒక్కటే పనిచేస్తది. కాంప్లెక్స్ అనేదాంట్ల హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ వచ్చి, ఫాంటు లోపలి ఓపెన్‌టైప్ నియమాలు చదివి, ఒత్తును కిందికి, గుణింతాన్ని దాని చోటికి చేరుస్తది. తెలుగుకు రెండోదే దిక్కు. మొదటిదాంట్ల "కల్వకుర్తి" అని రాస్తే ల మీద, ర మీద పొల్లు నిలబడి, వ, తి ఒత్తులుగా కిందికి పోకుండ నిండు అక్షరాలై పక్కన కూసుంటయి.

లిబ్‌ఏఎస్ఎస్ 0.14 కాలంలో హార్ఫ్‌బజ్ ఉంటే తీసుకునుడు, లేకుంటే వదిలేసుడు. లిబ్‌హార్ఫ్‌బజ్-డెవ్ ప్యాకేజీ ఎక్కించకుండ దాని కాన్ఫిగర్ నడిపితే, వెతికి, దొరకలేదని ఒక మూల రాసుకొని ముందుకు పోయేది. ఆ తర్వాత ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ కాన్ఫిగర్ చూసేది లిబ్‌ఏఎస్ఎస్ ఉన్నదా అని మాత్రమే. దాని కడుపుల హార్ఫ్‌బజ్ ఉన్నదా లేదా అన్నది దానికి పట్టని ముచ్చట. రెండు చోట్ల చెకింగ్ అయింది, రెండు చోట్ల పాసయింది. ఇంగ్లీషు సబ్‌టైటిల్ పెట్టి చూస్తే అద్దం లెక్క వస్తది. సబ్‌టైటిళ్లు ఎక్కించే ఏఎస్ఎస్ ఫిల్టర్‌లో షేపింగ్ ఆప్షన్‌ను కాంప్లెక్స్ అని గట్టిగ రాసినా సరే, లోపల హార్ఫ్‌బజ్ లేకుంటే సప్పుడు లేకుండ సింపుల్‌కే దిగిపోతది.

అప్పుడు అందరు పోయేది ఫాంటు మీదికి. నోటో సాన్స్ తెలుగు తీసి రామభద్ర, రామభద్ర తీసి గౌతమి. అన్నిట్ల ఒత్తులు అట్లనే విరుగుతయి. ఇట్ల గుర్తుపట్టాలె: పిచ్చి గుర్తులు వస్తే ఫైలు యూటీఎఫ్-8లో లేదు. డబ్బాలు వస్తే ఆ ఫాంటులో తెలుగు లేదు. అక్షరాలు చక్కగ వచ్చి, ఏ ఫాంటు పెట్టినా పొల్లు మాత్రం విడిగ నిలబడితే షేపర్, అంటే అక్షరాలు పేర్చే హార్ఫ్‌బజ్, లేదు. ఈ మూడోదానికి ఫాంటు మార్చుడు మందు కాదు.

తేల్చుకునే దారి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ లాగ్‌లోనే ఉన్నది, ఎవ్వరు చదవరు. సబ్‌టైటిల్స్ ఫిల్టర్ మొదలు కాంగనే "షేపర్:" అని ఒక లైను వస్తది. అందులో ఫ్రీబిడి పక్కన సింపుల్ అని, హార్ఫ్‌బజ్-ఎన్‌జీ పక్కన కాంప్లెక్స్ అని రెండూ ఉండాలె. ఫ్రీబిడి ఒక్కటే ఉంటే అక్కడికక్కడ ఆపేసి, లిబ్‌ఏఎస్ఎస్‌ను మళ్ల కట్టాలె. దాని కిందనే ఫాంట్ ప్రొవైడర్ లైను: లినక్స్‌లో ఫాంట్‌కాన్ఫిగ్, విండోస్‌లో డైరెక్ట్‌రైట్, మ్యాక్‌లో కోర్‌టెక్స్ట్. ఇక "గ్లిఫ్ 0ఎక్స్‌సీ15 నాట్ ఫౌండ్, సెలెక్టింగ్ వన్ మోర్ ఫాంట్" అని కనబడితే అది క అక్షరం కోసం వేరే ఫాంటు వెతుక్కుంటున్నదని. ఎస్ఆర్‌టీ (సాదా సబ్‌టైటిల్) ఫైలు ఇస్తే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఏరియల్ పేరుతోనే మొదలుపెడతది, అందులో తెలుగు లేదు. ఫిల్టర్‌కు ఇచ్చే ఫోర్స్_స్టైల్ ఆప్షన్‌లో ఫాంట్‌నేమ్ రాస్తే, ఫాంట్స్‌డిర్‌కు ఫాంటు ఫోల్డర్ చూపిస్తే ఆ వెతుకులాట పోతది.

పరీక్షకు ఒక ఎస్ఆర్‌టీలో ఈ పేర్లు పెట్టుకుంటే చాలు: చెర్వుగట్టు, మిర్యాలగూడ, కల్వకుర్తి, కురుమూర్తి, మన్యంకొండ, శ్రీశైలం. ర్వు, ట్టు, ర్యా, ల్వ, ర్తి, న్యం, శ్రీ అన్నీ పడతయి. శైలో ఐత్వం రెండు ముక్కలది, అది కుదిరితే మిగిలినవాటి గురించి రంది లేదు. కంపైల్ అయిన ప్రతిసారి పది సెకన్ల వీడియో మీద ఇది ఎక్కించి చూడకుండ చానల్ పీసీలో కొత్త బైనరీ (కట్టినంక వచ్చే ప్రోగ్రాం ఫైలు) పెట్టొద్దు.

ఇదే మౌనం ఇంకో చోట. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ 6.1 వెర్షన్ నుంచి, వీడియో మీద టైము, పేరు లాంటివి రాసే డ్రాటెక్స్ట్ ఫిల్టర్‌కు ఫాంటు గీసే ఫ్రీటైప్ లైబ్రరీ ఒక్కటే చాలదు, లిబ్‌హార్ఫ్‌బజ్ కూడా కావాలె. పాత కాన్ఫిగర్ లైను నోట్‌ప్యాడ్‌లో దాచుకొని అదే అతికించేటోళ్లకు ఇది గుంత. ఎనేబుల్-లిబ్‌ఫ్రీటైప్ మాత్రమే ఉన్న లైనుతో 6.1 కట్టితే కంపైల్ నున్నగ అయిపోతది, డ్రాటెక్స్ట్ మాత్రం మాయం. తెల్లారి టైము, తేదీ వేసే స్క్రిప్టు "నో సచ్ ఫిల్టర్" అంటది. మందు సులువే: ఎనేబుల్-లిబ్‌హార్ఫ్‌బజ్ చేర్చుడు, దాంతోపాటు ఎనేబుల్-ఫిల్టర్=డ్రాటెక్స్ట్ అని పేరు పెట్టి అడుగుడు. పేరు పెట్టి అడిగితే, తీసేసినప్పుడు ఎందుకు తీసేసిందో వార్నింగ్ అన్న రాస్తది. మేక్ కొట్టకముందు కాన్ఫిగ్_కాంపోనెంట్స్.హెచ్ ఫైలులో కాన్ఫిగ్_డ్రాటెక్స్ట్_ఫిల్టర్ పక్కన 1 ఉన్నదా 0 ఉన్నదా చూస్తే అరగంట మిగులుతది.

ఇంత తలనొప్పి ఉంటే రెడీమేడ్ బైనరీ దించుకోరాదా అంటే, పాలమూరు, నల్లగొండ స్టూడియోలలో ఇంకా నడుస్తున్న పాత గ్రాఫిక్స్ కార్డులే కారణం. కెప్లర్ తరం జీటీఎక్స్ కార్డులకు ఎన్‌విడియా డ్రైవర్ 470 వరుస దగ్గర ఆగింది. ఆ డ్రైవర్‌కు ఎన్‌వెంక్ (కార్డు మీదనే వీడియో ఎన్‌కోడ్ చేసే ఏర్పాటు) ఏపీఐ 11.1 దాకనే తెలుసు. కొత్త హెడర్లతో (ఆ ఏపీఐ వివరాలుండే ఫైళ్లతో) కట్టిన బైనరీ పెడితే, కావలసిన ఏపీఐ వెర్షన్‌ను డ్రైవర్ సపోర్ట్ చేస్తలేదని చెప్పి, కావలసిందెంత, దొరికిందెంత పక్కపక్కన రాసి ఆగిపోతది. కార్డు పోయిందనుకోవద్దు. ఎన్‌వీ-కోడెక్-హెడర్స్ సోర్సు తీసుకొని, 11.1 వరుసలోని ఆఖరి ట్యాగు చెకౌట్ చేసి, మేక్ ఇన్‌స్టాల్ కొట్టి, దాని మీద 6 వరుస ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ కట్టితే ఆ కార్డు హెచ్.264 మంచిగ చేస్తది. హెచ్.265 ఆ తరం కార్డులో లేనే లేదు, ఎంత కంపైల్ చేసినా రాదు. ఇక్కడ కూడా ఎనేబుల్-ఎన్‌వెంక్ అని రాయకుంటే, హెడర్లు కనబడకపోయినా కాన్ఫిగర్ ఊకుంటది, ఆఖరికి "అన్‌నోన్ ఎన్‌కోడర్" వస్తది. కనబడకపోవుడు ఎక్కువసార్లు పీకేజీ_కాన్ఫిగ్_పాత్ (లైబ్రరీలను ఏ ఫోల్డర్లలో వెతకాలో చెప్పే సెట్టింగు) వల్లనే. హెడర్లు ఒక ప్రిఫిక్స్‌లో పెట్టి, వెతికేది ఇంకో దిక్కు అయితది.

హెచ్.265 ఎన్‌కోడ్ చేసే ఎక్స్265 లైబ్రరీని సోర్సు నుంచి కడితే, వేగం పెంచే అసెంబ్లీ కోడును కంపైల్ చేసే నాస్మ్ ముందుగల్ల ఎక్కించుకోవాలె. హెచ్.264 చేసే ఎక్స్264 నాస్మ్ లేకుంటే మొండికేస్తది, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ కూడా "క్రిపుల్డ్ బిల్డ్" అని తిట్టి ఆగుతది, అది మంచి పద్ధతి. ఎక్స్265కు కాన్ఫిగర్ పని చేసే సీమేక్ మాత్రం ముందుకు పోయి, అసెంబ్లీ లేని బైనరీ ఇస్తది. ఎన్‌కోడ్ మొదలైనప్పుడు "యూజింగ్ సీపీయూ కేపబిలిటీస్: నన్!" అని వస్తే అర్థం అదే. ఆ వేగంతో ఒక పెళ్లి వీడియో తేలాలంటే పదహారు రోజుల పండుగ దాటుతది.

"నాట్ ఫౌండ్ యూజింగ్ పీకేజీ-కాన్ఫిగ్" అనే ఎర్రర్ గురించి కూడా చెప్పాలె, ఎందుకంటే కాన్ఫిగర్ నోరు విప్పినప్పుడు కూడా సగం అబద్ధమే చెప్తది. ఫైలు దొరికే ఉంటది, దాంతో లింక్ చేసి చూసిన చిన్న పరీక్ష ప్రోగ్రాం ఫెయిలై ఉంటది. అసలు కారణం ఎఫ్‌ఎఫ్‌బిల్డ్ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్.లాగ్ ఆఖరి నలభై లైన్లలో ఉంటది. స్టాటిక్ ఎక్స్265 అయితే సీ++ లైబ్రరీ గానీ, న్యూమా గానీ తగలలేదని రాసి ఉంటది. లిబ్‌న్యూమా-డెవ్ ఎక్కించి, పీకేజీ-కాన్ఫిగ్-ఫ్లాగ్స్‌కు స్టాటిక్ అని ఇస్తే దారిలోకి వస్తది. డేవ్1డీ (ఏవీ1 వీడియో డీకోడర్) లాంటి, మెసన్ అనే టూలుతో కట్టేవైతే ఉబుంటులో లిబ్ ఫోల్డర్ కింద ఇంకో ప్రాసెసర్ పేరు ఫోల్డర్‌లోకి పోతయి. కట్టేటప్పుడే లిబ్‌డిర్ రాసి ఇయ్యాలె.

విండోస్‌లో ఎంసిస్2 (లినక్స్ తీరు కమాండ్లు, కంపైలర్ ఇచ్చేది) తప్ప వేరే దారి చూడొద్దు. స్టార్ట్ మెనూలో దానివే నాలుగైదు టెర్మినళ్లు కనబడతయి, యూసీఆర్‌టీ64 అన్నదే తెరవాలె. ఉత్త ఎంసిస్ తెరిచి కడితే వచ్చే ఫైలు ఎంసిస్ డీఎల్ఎల్ లేకుండ బయట నడవదు. కాన్ఫిగర్ లినక్స్‌లో అయ్యే టైముకు ఎన్నో రెట్లు పడతది. వందల చిన్న ప్రాసెసులు పుట్టించాలె, విండోస్‌లో ఆ పని బరువు, పైంగ యాంటీవైరస్ ప్రతి చిన్న ఫైలును తడిమి చూస్తది. బిల్డ్ ఫోల్డర్‌ను మినహాయింపులో పెట్టాలె, ఆ ఫోల్డర్ పేరులో ఖాళీ ఉండొద్దు. లిబ్‌ఏఎస్ఎస్‌ను ఎంసిస్2 ప్యాకేజీ టూలు ప్యాక్‌మ్యాన్‌తో దించితే హార్ఫ్‌బజ్ వెంటనే వస్తది, ఒత్తుల గొడవ అసలే ఉండదు. సబ్‌టైటిల్ ఫైలు దారిలో డ్రైవ్ అక్షరం పక్కన కోలన్ ఫిల్టర్‌ను తికమక పెడతది. ఆ ఫోల్డర్‌లోకే పోయి ఉత్త ఫైలు పేరు ఇచ్చుడు సుఖం.

మ్యాక్‌లో గొడవ తక్కువ. పాత ఇంటెల్ మ్యాక్ నుంచి కొత్తదానికి అంతా కాపీ చేసుకున్నోళ్లు మాత్రం యూఎస్ఆర్ లోకల్ కింద పాత హోంబ్రూ (మ్యాక్ ప్యాకేజీ టూలు) మిగిలిందా చూసుకోవాలె. కొత్త చిప్పుకు హోంబ్రూ ఓపీటీ ఫోల్డర్‌లో ఉంటది. పాతది ముందు తగిలితే లింకర్ ఆ ఫైళ్లను పట్టించుకోకుండ వదిలేస్తది, కాన్ఫిగర్ మళ్ల "నాట్ ఫౌండ్" పాటే పాడతది.

కరెంటు పోతే ఏమయితదని చాలమంది అడుగుతరు. మేక్ మళ్ల కొడితే ఆగిన కాడి నుంచే అందుకుంటది. ఒక్క చిక్కు, సరిగ్గ పోయిన క్షణంలో రాస్తున్న .ఓ ఫైలు (కంపైల్ అయిన ఒక్కో ముక్క) ఖాళీగ మిగులుతది, లింక్ దగ్గర ఫార్మాట్ గుర్తుపట్టలేదని ఎర్రర్ వస్తది. సున్నా సైజు .ఓ ఫైళ్లు వెతికి తీసేసి మేక్ కొట్టాలె, మొత్తం క్లీన్ చేసుడు దండగ. మొబైల్ నెట్ మీద ఉన్నోళ్లు మొత్తం గిట్ చరిత్ర దించొద్దు, విడుదల టార్ ఫైలు పది ఎంబీ చుట్టుపక్కలనే ఉంటది.

పైన అంత కోపం రాసినంక కొంత వెనక్కి తీసుకోవాలె. కొత్త లిబ్‌ఏఎస్ఎస్‌లో హార్ఫ్‌బజ్ తప్పనిసరి అయింది, లేకుంటే కట్టనే కట్టదు. కాబట్టి ఒత్తులు విరిగే ముచ్చట పాత సిస్టములది, పాత సోర్సు దాచుకున్నోళ్లది. కాన్ఫిగర్ కూడా ఆఖర్ల ఏమేం పెట్టిందో మొత్తం జాబితా ఇస్తది. వందల పేర్ల మధ్య లేనిదాన్ని ఎవరు వెతుకుతరన్నదే నా పేచీ. లిబ్‌ఏఎస్ఎస్‌ను మెచ్చుకున్నం గానీ, వేరే ఫాంటుకు పోయినప్పుడు తెలుగు మధ్యల ఇంగ్లీషు, రూపాయి గుర్తు వేరే మందంతో వస్తయి. జూరాల ఇన్‌ఫ్లో, బత్తాయి రేటు లాంటి అంకెల లైన్లలో అది కొట్టొచ్చినట్టు కనబడతది. తెలుగు, ఇంగ్లీషు, రూపాయి గుర్తు మూడూ ఉన్న ఫాంటు ఎంచుకోవాలె.

ఉబుంటు 24.04 మీద ఉండి, కొత్త కార్డు ఉండి, సబ్‌టైటిళ్లే పని అయితే రిపాజిటరీలో వచ్చే 6.1 సరిపోతది, కంపైల్ జోలికి పోవద్దు. పాత కార్డు గానీ, ప్రత్యేకంగ ఒక ఎన్‌కోడర్ గానీ కావాలంటే మాత్రం కష్టానికి ఫలితం ఉన్నది. సిస్టం 22.04 నుంచి 24.04కు మార్చినంక లిబ్‌ఎక్స్264 నంబరు 163 నుంచి 164 అయితది. పాత లైబ్రరీ తీసేస్తే సొంత బైనరీ ఆ రోజే ఆగుతది, మళ్ల కట్టే టైము పెట్టుకొనే అప్‌గ్రేడ్ కొట్టాలె. ఎనేబుల్-నాన్‌ఫ్రీ పెట్టి లిబ్‌ఎఫ్‌డీకే-ఏఏసీ అనే ఆడియో ఎన్‌కోడర్‌తో కట్టింది మీ పీసీకే పరిమితం. లైసెన్సు లైనులో ఇతరులకు పంచరాదని కాన్ఫిగరే రాస్తది, పక్క స్టూడియో అడిగినా పెన్‌డ్రైవ్‌లో ఇయ్యరాదు, వాళ్ల పీసీ మీద వాళ్లు కట్టుకోవాలె.