హైడ్రొలైజ్డ్ ఫుడ్ 14 నెలలు వాడాక: మా రోజీ దురద సంగతి

మా రోజీ లాబ్రడార్. ఇప్పుడు దానికి ఆరేళ్లు, దురద మొదలైంది మాత్రం మూడున్నరేళ్లప్పుడు. రాత్రి లైట్లు ఆపేశాక అది పాదాలు నాక్కునే చప్పుడు ఆగకుండా వినిపిస్తూ ఉండేది. లేత పసుపు రంగు పాదాలు ఉమ్మికి తుప్పు రంగులోకి మారిపోయాయి, చెవులు ఎర్రబడి వాసన వచ్చేవి, పొట్ట కింద చిన్న చిన్న పొక్కులు. మందు వాడితే తగ్గేది, ఆపిన రెండు మూడు వారాలకు మళ్ళీ మొదటికే. ఏడాదికి పైగా ఇదే తంతు. కుక్క బాధపడుతుంటే పక్కన కూర్చుని చూడటం తప్ప ఏమీ చేయలేకపోవడం ఎంత టెన్షనో పెంచేవాళ్ళకే తెలుస్తుంది.

తర్వాత చర్మం సమస్యలు ఎక్కువగా చూసే డాక్టర్ దగ్గరికి మారాం. ఆవిడ నేరుగా తిండి మీదకు రాలేదు. ముందు పిడుదులు, ఫ్లీస్ (బొచ్చులో దూకుతూ కుట్టే చిన్న పురుగులు) లేకుండా మందు వేయించి, చర్మం మీదా చెవుల్లోనూ ఉన్న ఈస్ట్ (ఒక రకం ఫంగస్), బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ తగ్గించి, అప్పటికీ దురద మిగిలితేనే తిండి సంగతి చూద్దామన్నారు. మిగిలింది. అప్పుడు రాసిచ్చారు ఈ హైడ్రొలైజ్డ్ ప్రొటీన్ ఫుడ్. మాంసంలోనో సోయాలోనో ఉన్న ప్రొటీన్‌ను బాగా చిన్న ముక్కలుగా విరగ్గొట్టి తయారు చేస్తారు, ఆ ముక్కల్ని ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ శత్రువుగా గుర్తుపట్టలేదన్నది దీని వెనక లెక్క.

రక్త పరీక్ష చేస్తే ఏది పడదో తెలిసిపోతుంది కదా అని నేనూ అడిగాను. తిండి అలర్జీ విషయంలో రక్తం, ఉమ్మి, వెంట్రుకల పరీక్షలు నమ్మదగినవి కావట. అనుమానం ఉన్న తిండి మొత్తం ఆపి, కనీసం 8 వారాలు ఇదొక్కటే పెట్టి, తర్వాత పాత తిండి మళ్ళీ పెట్టి చూడటమే దారి. తిండి అలర్జీ ఉన్న కుక్కల్లో చాలా వాటికి ఆ 8 వారాల్లోపే తేడా తెలుస్తుందన్నారు.

పాత తిండిలో కొంచెం కొంచెం కలుపుతూ 8 రోజుల్లో పూర్తిగా దీనికి మార్చాం. రెండు రోజులు గిన్నె వాసన చూసి వెళ్లిపోయింది, మూడో రోజు నుంచి తినేసింది. మొదటి రెండు వారాలు విరేచనం కాస్త మెత్తగా అయ్యేది, తర్వాత సర్దుకుంది. మూడో వారానికి నాకైతే ఏ తేడా కనిపించలేదు, డబ్బు దండగ అనిపించింది కూడా. అయిదో వారంలో చెవి వాసన పోయింది. ఆ సంతోషంలో ఉండగానే నెలవారీ పురుగుల మాత్ర వేశాను, మాంసం రుచి కలిపి నమలడానికి ఇచ్చే రకం. నాలుగు రోజుల్లో మళ్ళీ పాదాలు నాకడం. డాక్టర్‌కి ఫోన్ చేస్తే ముందుగా అడిగింది ఆ మాత్ర గురించే. లెక్క మళ్ళీ మొదటి రోజు నుంచి. అందుకే మీకు గట్టిగా చెబుతున్నాను: బిస్కెట్లు, నమిలే ఎముకలు, రుచి కలిపిన మాత్రలు, కుక్కల టూత్‌పేస్ట్, మాత్రను దాచి పెట్టే చీజ్ ముక్క, ఇంట్లో పిల్లి వదిలేసిన గిన్నె, ఇవన్నీ తిండి కిందికే వస్తాయి. ఇంట్లో ఒక్కరు ఒక్క ముక్క పెట్టినా అన్ని వారాల కష్టమూ పోయినట్టే.

రెండోసారి మొదలుపెట్టాక ఏడో వారానికి రాత్రిళ్లు ఆ చప్పుడు ఆగిపోయింది. పొట్ట కింద బొచ్చు మళ్ళీ వచ్చింది.

బాగైంది కదా, ఇదివరకు పెట్టిన చికెన్ మళ్ళీ పెట్టడమెందుకు అని మా ఇంట్లో పెద్ద గొడవ. కానీ పెట్టకపోతే తగ్గింది తిండి వల్లో, మందుల వల్లో, వాతావరణం మారినందుకో ఎప్పటికీ తెలియదు. ఉప్పూ మసాలా ఏమీ లేకుండా ఉడికించిన చికెన్ రోజూ కొంచెం పెట్టాం. మూడో రోజు సాయంత్రం చెవి గోక్కుంది, అయిదో రోజుకు పాదాలు ఎర్రబడ్డాయి. ఆపేశాం, పది రోజుల్లో సర్దుకుంది. తర్వాత గుడ్డు రెండు వారాలు పెట్టి చూశాం, ఏమీ కాలేదు. ఇన్నాళ్లూ మేం ప్రేమగా పెట్టింది చికెనే అని తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఇందులో నాకు నచ్చనివీ ఉన్నాయి. ఖరీదు మామూలు ఫుడ్ కంటే చాలా ఎక్కువ, పెద్ద కుక్కకైతే బరువే. కొన్ని రకాలు చికెన్ నుంచే తయారవుతాయి, చికెన్ పడని కుక్కల్లో కొన్నింటికి అవి కూడా పడవు, కాబట్టి సంచి మీద ఏ ప్రొటీన్ అని రాశారో చూసుకోండి. మాది సోయాది. గ్రెయిన్ ఫ్రీ (ధాన్యాలు లేని ఫుడ్) కొంటే సరిపోతుందని చాలామంది చెబుతారు, నేనూ ముందు అదే కొన్నాను, అందులో ఉన్నది చికెనే! కుక్కల్లో ఎక్కువగా పడనివి బీఫ్, పాల పదార్థాలు, చికెన్. గోధుమ కూడా ఉంది కానీ ధాన్యాలన్నిటినీ దోషులను చేయడం సరికాదు.

ఇంకో మాట, దురదంతా తిండి వల్లే కాదు. పుప్పొడి ఎక్కువగా ఉండే నెలల్లో రోజీ ఇప్పటికీ కాస్త గోక్కుంటుంది, అప్పుడు మందు పడాల్సిందే, కాకపోతే ముందున్నంత అవసరం లేదు. మూడు నెలల నుంచి డాక్టర్ చెప్పిన మోతాదులో ఒమేగా 3 (చర్మానికి, బొచ్చుకు ఇచ్చే ఒక రకం కొవ్వు) కూడా ఇస్తున్నాం, బొచ్చు మెరుపు నాకు తెలుస్తోంది, దురద మీద దాని ప్రభావం ఎంతో విడిగా చెప్పలేను.

పిల్లికి ఇలాంటి ఫుడ్ మార్చేవాళ్ళు మాత్రం జాగ్రత్త. ఆకలైతే అదే తింటుందిలే అని కొత్త ఫుడ్ ముందు పెట్టి వదిలేయకండి, పిల్లి వరసగా కొన్ని రోజులు తినకపోతే కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది. మెల్లగా మార్చండి, ముట్టకపోతే వెంటనే డాక్టర్‌ని అడగండి.

మేం ఇదే ఫుడ్ కొనసాగిస్తున్నాం, పైన అప్పుడప్పుడూ ఉడికించిన గుడ్డు. చేప ఇంకా పరీక్షించలేదు, పుప్పొడి రోజులు అయ్యాక మొదలుపెడతాం.